ప్రాధాన్యం సరే, చేతిలో ఎన్ని నిమిషాలు?

ఎయిర్ అంబులెన్స్ అనగానే చాలామంది ఊహ ఒకటే. అది గాల్లోకి లేవగానే మిగతా విమానాలన్నీ పక్కకు తప్పుకుంటాయని, రన్‌వే ఖాళీ చేసి ఉంచుతారని, ఆసుపత్రి చేరేదాకా ఎక్కడా ఆగే పని ఉండదని. పేషెంట్ల ఇంటివాళ్లకు ఫోన్లో అలా కాదని నెమ్మదిగా చెప్పడం నా ఉద్యోగంలో భాగం. నేను చేసేది ఎయిర్ అంబులెన్స్ డెస్క్‌లో కోఆర్డినేటర్ పని. ఆసుపత్రులతో, పైలట్లతో, విమానాశ్రయాలతో, రెండు కొసలా రోడ్డు మీద నడిచే అంబులెన్సులతో మాట్లాడి అన్నిటినీ ఒక దారికి తేవడం. ప్రాధాన్యం ఇస్తారు, అది నిజం. అయితే ఇప్పుడు ఇస్తున్న తీరులో ఆ ప్రాధాన్యం సగమే పనిచేస్తోందని నేను గట్టిగా నమ్ముతున్నాను. విమానంలో పేషెంట్ ఉన్న సంగతి నేల మీది నుంచి విమానాలకు దారి చూపే కంట్రోలర్‌కు చేరుతోంది. ఆ పేషెంట్‌కు ఎంత టైముందో చేరడం లేదు.

నియమాలు ఏమంటున్నాయో ముందు చూద్దాం. ఏటీసీ, అంటే ఈ కంట్రోలర్లు పనిచేసే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, మామూలుగా నడిచేది ముందొచ్చినవాళ్లకు ముందు అనే పద్ధతి మీద. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో వారి 4444 నంబరు పత్రం, దిగే విమానాల వరసను సగటు ఆలస్యం వీలైనంత తగ్గేలా కూర్చమంటుంది. వెంటనే కొన్నిటికి ప్రాధాన్యం ఇవ్వాలంటుంది. ఇంజిన్ పాడవడం, ఇంధనం తగ్గడం లాంటి కారణాలతో దిగక తప్పని విమానం ఒకటి. ఆసుపత్రి విమానాలు, తక్షణ వైద్యం కావాల్సిన రోగుల్ని, క్షతగాత్రుల్ని తీసుకెళ్లే విమానాలు రెండోది. గాలింపు, రక్షణ పనుల్లో ఉన్నవి మూడోది. బ్రిటన్ కంట్రోలర్ల మాన్యువల్ ఇంకాస్త ముందుకెళ్లి, ప్రాణాపాయం ఉన్న అంబులెన్స్ విమానాన్ని ఎమర్జెన్సీలో ఉన్న విమానంతో పాటు ఎ కేటగిరీలోనే చేర్చింది. రాజకుటుంబం, విదేశీ దేశాధినేతలు ప్రయాణించే విమానాలు అక్కడ సి కేటగిరీ. ఒక దేశం తన రాజు విమానం కన్నా రోగి విమానం ముందని కాగితం మీద రాసుకుందంటే, ఆ పట్టిక రాసినవాళ్ల మీద నాకు గౌరవం కలుగుతుంది.

బయల్దేరే ముందు ఏటీసీకి ఇచ్చే ప్రయాణ పత్రం, ఫ్లైట్ ప్లాన్‌లో 18వ గడి ఉంటుంది. అందులో ఎస్‌టీఎస్ అనే చోట ఈ విమానానికి ప్రత్యేకంగా చూడాల్సిన కారణం ఏమిటో రాస్తాం. మాకు పనికొచ్చే గుర్తులు రెండు. వైద్య పనిమీద వెళ్తున్నట్టు వైద్యాధికారులు ధ్రువీకరించిన ప్రయాణానికి 'హాస్ప్', ప్రాణం మీదికొచ్చిన తరలింపుకు 'మెడెవాక్'. ఈ తేడా పేరుకే కాదు. యూరప్‌లో రద్దీని బట్టి విమానాలకు బయల్దేరే టైము స్లాట్లుగా పంచుతారు. మెడెవాక్ అని ఉన్న విమానానికి ఆ స్లాటు నుంచి నేరుగా మినహాయింపు దొరుకుతుంది. హాస్ప్ అని మాత్రమే ఉంటే విడిగా అనుమతి తెచ్చుకోవాలి. అమెరికాలోనైతే పైలట్ రేడియోలో తన కాల్‌సైన్‌కు, అంటే విమానాన్ని పిలిచే పేరుకు ముందు మెడెవాక్ అని నోరు తెరిచి అనాలి. అంటేనే ప్రాధాన్యం.

ఇంతవరకూ బాగుంది. ఇక గాల్లో ఏం జరుగుతుందో లెక్క వేసి చూద్దాం.

రన్‌వే వైపు 11 విమానాలు బారుగా వస్తున్నాయి, చివరిది మాది అనుకోండి. ఒక్కోదానికీ మధ్య సుమారు 2 నిమిషాల ఎడం. మమ్మల్ని చివరినుంచి మొదటికి తెస్తే మాకు 20 నిమిషాలు కలిసొస్తాయి. మిగతా 10 విమానాలూ తలా 2 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. మొత్తం కూడితే అదే 20, సగటు మారలేదు. ఒకరి మీద పడాల్సిన 20 నిమిషాలను పదిమంది పంచుకున్నారు, అంతే. లోపల కూర్చున్న ప్రయాణికులకు ఆ 2 నిమిషాలు తెలియను కూడా తెలియవు. మా విమానంలో వెంటిలేటర్ మీదున్న మనిషికి ఆ 20 నిమిషాల విలువ వేరు. అంబులెన్స్ విమానం కోసం అందర్నీ ఎందుకు ఆపాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఈ లెక్కే.

వాస్తవంలో లెక్క ఇంత సాఫీగా ఉండదు. మేం ఎక్కువగా వాడేవి చిన్న విమానాలు. రన్‌వే ముందు చివరి 10 నాటికల్ మైళ్లు ఒక జెట్ 145 నాట్ల (గంటకు అన్ని నాటికల్ మైళ్ల) వేగంతో నాలుగు నిమిషాల్లో దాటేస్తుంది. 110 నాట్లతో వచ్చే టర్బోప్రాప్‌కు, అంటే ప్రొపెల్లర్ విమానానికి అయిదున్నర నిమిషాలు పడుతుంది. అంటే మాకోసం తెరిచే ఖాళీ మామూలు కన్నా పెద్దది కావాలి. పైగా మా ముందు ఒక భారీ విమానం దిగుతుంటే, దాని రెక్కల వెనక రేగే గాలి సుడుల వల్ల తేలికపాటి విమానం 6 మైళ్ల ఎడం పాటించాల్సిందే. మెడెవాక్ అన్నంత మాత్రాన ఆ 6 మైళ్లు 5 కావు, కాకూడదు కూడా. ఆ సుడిలో చిక్కితే ముందు ఎగిరిపడేది స్ట్రెచర్ పక్కన నిలబడి పనిచేస్తున్న నర్సు.

అందుకే ప్రాధాన్యంలో సగం సంగతి ముందుగా తెలియడంలోనే ఉంది. 200 మైళ్ల దూరంలో ఉండగానే తెలిస్తే, కంట్రోలర్ ముందున్నవాళ్లలో ఒకరిని కాస్త వేగం పెంచమని, ఇంకొకరిని కాస్త తగ్గించమని చెబుతారు. మేం వెళ్లేసరికి ఖాళీ సిద్ధంగా ఉంటుంది, ఎవరూ చక్కర్లు కొట్టక్కర్లేదు. అదే సంగతి 20 మైళ్ల దగ్గర తెలిస్తే అప్పటికే వరసలోకి వచ్చేసిన విమానాన్ని బయటికి లాగాలి, దాని వెనకవాళ్లను చెదరగొట్టాలి. ఆ గదిలో టెన్షన్, రేడియోలో గందరగోళం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విమానాన్ని హోల్డింగ్‌లో పెట్టారంటే అది గాల్లో ఒక పొడుగాటి చుట్టు తిరుగుతూ ఉంటుంది. తక్కువ ఎత్తుల్లో ఒక చుట్టు సుమారు 4 నిమిషాలు. 5 చుట్లు తిరిగితే 20 నిమిషాలు. ఆ 20 నిమిషాల్లో ముందు సీట్లలో పైలట్లు ఇంధనం గేజ్ చూస్తుంటారు. వెనక డాక్టర్ ఇంకో గేజ్ చూస్తుంటారు. 10 లీటర్ల సిలిండర్‌లో 150 బార్ ఒత్తిడి ఉందంటే అందులో దాదాపు 1500 లీటర్ల ఆక్సిజన్ ఉన్నట్టు. పేషెంట్‌కు నిమిషానికి 15 లీటర్లు పోతుంటే అది 100 నిమిషాలు వస్తుంది. 20 నిమిషాల చక్కర్లకు 300 లీటర్లు, అంటే గేజ్ ముల్లు 30 బార్లు కిందికి. మేం ఎప్పుడూ లెక్క కన్నా ఎక్కువే ఎక్కిస్తాం. అయినా పేషెంట్ పరిస్థితి దారిలో దిగజారితే ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది. మిగులంతా అక్కడే కరిగిపోతుంది. ఒక ఫ్లైట్ డాక్టర్‌ను నేను ఫోన్లో అడిగాను, అలాంటప్పుడు పైలట్‌కు ఏమని చెబుతారు అని. "ఇంకో 40 నిమిషాలకు మించి నాకు సరిపోదు అని చెబుతానమ్మా" అన్నారు. మరి పైలట్ ఆ మాట ఏటీసీకి ఎలా చెప్పాలి? ఇంధనం గురించి చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. ఆక్సిజన్ ఎన్ని నిమిషాలు వస్తుందో, రోగికి ఎంత టైముందో చెప్పడానికి అలాంటి పద్ధతి లేదు.

ఇంధనానికి ఆ పద్ధతి ఊరికే రాలేదు. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వెళ్తున్న అవియాంకా 52 విమానాన్ని దారిలో మూడుసార్లు హోల్డింగ్‌లో పెట్టారు. మొత్తం 77 నిమిషాలు. ఇంధనం అయిపోతోందని సిబ్బందికి తెలుసు. ప్రాధాన్యం కావాలని అడిగారు కానీ ఎమర్జెన్సీ ప్రకటించలేదు. ఎన్ని నిమిషాల ఇంధనం మిగిలిందో, అది అయిపోతే ఏమవుతుందో అవతలివాళ్లకు అర్థమయ్యేలా చేరలేదు. ఇంజిన్లు ఆగిపోయి విమానం లాంగ్ ఐలాండ్‌లో ఒక కొండవాలు మీద కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. తర్వాతి కాలంలో, 2012లో ఐకావో ఈ విషయాన్ని రెండు మెట్లుగా స్థిరపరిచింది. ఇకమీదట ఆలస్యమైతే తప్పనిసరి నిల్వలోకి దిగాల్సి రావచ్చని హెచ్చరించడానికి 'మినిమమ్ ఫ్యూయల్'. దిగేలోపు ఆ నిల్వలోకి దిగక తప్పదని తేలితే 'మేడే ఫ్యూయల్'. మొదటిది ఎమర్జెన్సీ కాదు, సమాచారం మాత్రమే. కానీ ఆ ఒక్క సమాచారంతో కంట్రోలర్ ముందుచూపుతో పని చేయగలుగుతారు.

రోగి విషయంలో కూడా ఇలాంటిదే కావాలని నా వాదన. మెడెవాక్ అన్న గుర్తుతో పాటు ఒక గడియారం టైము చేరాలి. పేషెంట్‌ను ఏ టైముకల్లా ఆసుపత్రి వాళ్లకు అప్పగించాలో ఆ టైము, అది దాటితే ప్రమాదం పెరుగుతుందా లేక ఇబ్బంది మాత్రమేనా అన్న ఒక్క ముక్క. ఇంకేమీ అక్కర్లేదు.

ఒకే గుర్తు ఎంత భిన్నమైన ప్రయాణాలను కప్పేస్తుందో చూడండి. మార్పిడి కోసం తీసిన గుండె శరీరం బయట నిలిచేది 4 నుంచి 6 గంటలు. కిడ్నీ అయితే 24 గంటలు దాటినా పనికొస్తుంది. రక్తం గడ్డకట్టి వచ్చిన స్ట్రోక్‌లో నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయి, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటల గడువు. ఒకే సాయంత్రం గుండెతో ఒక విమానం, కిడ్నీతో ఇంకో విమానం ఒకే రన్‌వేకి వస్తే కంట్రోలర్ స్క్రీన్ మీద రెండూ ఒకలాగే కనిపిస్తాయి. కిడ్నీ విమానం రెండు మైళ్లు ముందుంటే అదే ముందు దిగుతుంది. ఆ కంట్రోలర్‌ను తప్పుపట్టలేం, ఆయనకు ఎవరూ చెప్పలేదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో తేలికైనది, కంట్రోలర్లు డాక్టర్లు కారు కదా అన్నది. నిజమే, కాబట్టే జబ్బు పేరు చెప్పొద్దంటున్నాను. ఇంధనం ఎందుకు తగ్గిందో కూడా వాళ్లు అడగరు, ఎన్ని నిమిషాలు మిగిలిందో అడుగుతారు. టైము మాత్రమే పంపితే రోగి వివరాలు రేడియోలో అందరి చెవినా పడే గొడవ కూడా ఉండదు.

రెండో అభ్యంతరం బరువైనది, దాన్ని నేను తోసిపుచ్చలేను. టైము తెలిస్తే పైలట్ మీద ఒత్తిడి పెరుగుతుంది. మంచి హెలికాప్టర్ అంబులెన్స్ సంస్థలు చాలావరకు పేషెంట్ ఎవరో, పరిస్థితి ఏమిటో పైలట్‌కు చెప్పకుండానే వెళ్లగలరా లేదా అని అడుగుతాయి. అవతల చావుబతుకుల్లో ఉన్నది పసిబిడ్డ అని తెలిస్తే బాగాలేని వాతావరణం కూడా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, అది మనిషి స్వభావం. 2008 సెప్టెంబర్ 27 రాత్రి అమెరికాలో మేరీల్యాండ్ పోలీసు విభాగం హెలికాప్టర్ ఒకటి, రోడ్డు ప్రమాదంలో గాయపడిన ఇద్దరిని తీసుకెళ్తూ వాతావరణం దిగజారడంతో ఆసుపత్రికి చేరలేక దగ్గర్లోని వైమానిక స్థావరం వైపు మళ్లి, పార్కులో చెట్ల మీద కూలింది. అయిదుగురిలో ఒక్కరే బతికారు. పైలట్‌కు మబ్బుల్లో పరికరాల మీద ఆధారపడి నడిపిన అనుభవం ఇటీవల తక్కువ కావడం, ఏటీసీ సరిగా వ్యవహరించకపోవడం కూడా ఇందుకు తోడయ్యాయని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది.

కాబట్టి హద్దు స్పష్టంగా ఉండాలి. వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం వాతావరణం, విమానం, సిబ్బంది అలసట చూసి మాత్రమే. అది అయ్యాకే టైము సంగతి, అదీ డెస్క్ నుంచి నేరుగా ఏటీసీకి. పైలట్‌ను మధ్యలో దూతగా పెట్టొద్దు. దారిలో పరిస్థితి మారితే మాత్రం డాక్టర్ చెప్పిన నిమిషాల్ని పైలట్ రేడియోలో అందజేయాలి. ఎడం, ఇంధన నిల్వ, వాతావరణ పరిమితులు ఎలాంటి ప్రాధాన్యానికీ వంగకూడదు. అదే 2008లో జూన్ 29న ఆరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో రెండు మెడికల్ హెలికాప్టర్లు ఒకే ఆసుపత్రి హెలిప్యాడ్ వైపు వస్తూ ఢీకొన్నాయి. ఏడుగురూ చనిపోయారు. ప్రాణం కాపాడే పని మీద ఉన్నారని వాళ్లకు గాల్లో ఏ మినహాయింపూ దొరకలేదు. ఒకరు వస్తున్నట్టు ఇంకొకరికి సమయానికి తెలిసుంటే చాలు.

ప్రాధాన్యమంటే ఎప్పుడూ వేగమే అని కూడా అనుకోవద్దు. ఎత్తుకు వెళ్లేకొద్దీ కేబిన్ ఒత్తిడి తగ్గి, ఒంట్లో చిక్కుకున్న గాలి వ్యాకోచిస్తుంది. కేబిన్ లోపల 8000 అడుగుల ఎత్తుకు సమానమైన ఒత్తిడి ఉంటే ఆ గాలి మూడో వంతు పైనే పెరుగుతుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్లకు, పుర్రెలోకి గాలి చొరబడినవాళ్లకు అది ప్రమాదం. అలాంటప్పుడు మేం అడిగేది తక్కువ ఎత్తులో ప్రయాణం. దానివల్ల వేగం తగ్గుతుంది, ఇంధనం ఎక్కువ కాలుతుంది, కింద రద్దీలోంచి దారి కావాలి. వెన్నెముక విరిగినవాళ్లకు కుదుపులు లేని దారి కావాలి, 10 నిమిషాలు ఎక్కువైనా సరే. మెడెవాక్ అని వినగానే కొత్త కంట్రోలర్లు మంచి మనసుతో షార్ట్‌కట్ ఇచ్చి పైకి ఎక్కమంటారు. పేషెంట్‌కు కావాల్సింది ఏమిటో వాళ్లకు ముందే చెప్పాల్సిన బాధ్యత మాది.

ఇక దుర్వినియోగం. ఇది రాయకపోతే మిగతాదంతా రాసే హక్కు మాకు లేదు. అమెరికా పైలట్ల మార్గదర్శిలో ఈ పదాన్ని అత్యంత విచక్షణతో వాడాలని, అత్యవసరమైన వైద్య పనికే, అదీ ప్రయాణంలో ప్రాధాన్యం అవసరమైన భాగానికే వాడాలని రాసి ఉంది. గతంలో నేను పనిచేసిన ఒక సంస్థలో ఫ్లైట్ ప్లాన్ నమూనాలోనే మెడెవాక్ అని ముందే నింపి ఉండేది. కాలికి కట్టుతో నిదానంగా ఇంటికెళ్తున్న పేషెంట్‌కూ అదే, పేషెంట్‌ను దించేసి ఖాళీగా తిరిగొచ్చే విమానానికీ అదే. ఒక రాత్రి, దిగే విమానాల వరస చూసే అప్రోచ్ యూనిట్ సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "లోపల నిజంగా ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడిగారు. లేరు. ఆ తర్వాత ఊపిరాడని నవజాత శిశువుతో వెళ్లినప్పుడు కూడా ఆయన అదే ప్రశ్న అడిగారు. అడగడం న్యాయమే. టైము కూడా రాయాలన్న నియమం ఉంటే ఈ తప్పు చాలావరకు దానంతట అదే ఆగిపోతుంది, ఖాళీ విమానానికి గడువు టైము ఏమని రాస్తారు?

అలాగని ఖాళీ విమానాలన్నీ ఒకటి కాదు. పేషెంట్‌ను తెచ్చుకోవడానికి వెళ్తున్న విమానం ఖాళీగానే వెళ్తుంది. అవయవం తీయడానికి వెళ్లే సర్జన్ల బృందం ఉన్న విమానంలో రోగి ఉండరు. అక్కడ పోయిన అరగంట ఇక్కడ పోయిన అరగంటే. ప్రమాద స్థలానికి మొదటి పిలుపు మీద వెళ్లే ప్రయాణాన్ని అమెరికా నియమాలు ప్రాధాన్యంలోనే చేర్చాయి. అన్నిచోట్లా అలాగే ఉండాలి. చూడాల్సింది స్ట్రెచర్ మీద మనిషి ఉన్నారా అని కాదు, ఈ ప్రయాణం ఆలస్యమైతే ఎవరికైనా హాని జరుగుతుందా అని.

నేల మీద సంగతి ఇంకో పెద్ద కథ, అసలు నిమిషాలన్నీ పోయేది అక్కడే. ఒకసారి దారి పొడవునా కంట్రోలర్లు మమ్మల్ని నేరుగా పంపారు, వరసలో అందరికన్నా ముందు దింపారు. తీరా దిగాక పార్కింగ్ స్టాండ్ విమానాశ్రయం అవతలి చివర ఇచ్చారు. రోడ్డు అంబులెన్స్ గేటు దగ్గర ఆగిపోయింది. పాసు మీద రాసిన బండి నంబరు వేరు, వచ్చిన బండి వేరు. డాక్టర్ గారు విమానంలోంచి సిలిండర్ గేజ్ ఫొటో తీసి నాకు పంపారు, కింద ఒక్క మాట కూడా రాయలేదు. నేను ఒక చేతిలో సెక్యూరిటీ ఆఫీసు ఫోన్, ఇంకో చేతిలో టవర్ ఫోన్ పట్టుకుని ఉన్నాను. చివరికి టవర్‌లో ఉన్నాయన కల్పించుకుంటే గేటు తెరిచారు. అది ఆయన పని కాదు. గాల్లో పదిమంది తలా 2 నిమిషాలు వదులుకుని మాకిచ్చిన టైమంతా ఆ గేటు దగ్గర పోయింది. మెడెవాక్ గుర్తు టవర్‌తో ఆగకుండా స్టాండ్లు కేటాయించేవాళ్లకు, గేటు దగ్గరి కాపలాకు కూడా అదే క్షణంలో చేరాలి. అప్పగించే టైము అంటున్నది అందుకే. రన్‌వే తాకే టైము లెక్క పెట్టుకుంటే గేటు ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది.

ఇదంతా జరగడానికి నియమాలు మారేదాకా ఆగక్కర్లేదు. 18వ గడిలోనే ఆర్‌ఎమ్‌కే అని మామూలు మాటల్లో ఏదైనా రాసుకునే చోటు ఉంది. పేషెంట్‌ను ఏ టైముకల్లా అప్పగించాలో, తక్కువ ఎత్తు కావాలా, కుదుపులు పనికిరావా అన్నది అక్కడ ఒక వరసలో రాయొచ్చు. అయితే అక్కడ రాసింది చాలాచోట్ల కంట్రోలర్ ముందున్న స్క్రీన్ మీద దానంతట అది కనిపించదు, ప్లాన్ తెరిచి చూస్తేనే కనిపిస్తుంది. అందుకని బయల్దేరే ముందు దిగే చోటి అప్రోచ్ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి అదే వరస చదివి వినిపించాలి. డెస్క్‌ల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ నమూనాలో ముందే నింపి ఉన్న మెడెవాక్‌ను ఇవాళే తీసేయండి. దాని స్థానంలో డాక్టర్‌ను అడిగి తెలుసుకున్న టైము రాయండి.